ఇల్లు కొని చూడు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పినారు. ఆ సామెత పుట్టిన దినములలో ఇల్లు కావలసినవాడు ఇల్లు కట్టుకొనెడివాడు. తన కన్నుల ఎదుటనే పునాది త్రవ్వించి, గానుగ సున్నము పట్టించి, దూలములు ఎత్తించెడివాడు. గోడలో ఏమున్నదో అతనికి తెలియును. నేడు హైదరాబాదు పడమటి కొసన ఇల్లు కట్టుకొనువారు కొద్దిమంది; కొనువారే ఎక్కువ. కొన్న ఇంటి గోడలో ఏమున్నదో కొన్నవానికి తెలియదు. అందుచేత ఆ సామెతకు మూడవ మాట ఒకటి చేర్చవలసిన కాలము వచ్చినది.

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ కట్టడమును ప్రారంభించినారు. అంతకు పూర్వము ఆ ప్రాంతమున ఉన్నవి గండశిలలు, పొదలు, ఒకనాడు గోల్కొండ కోటకు నీరందించిన దుర్గంచెరువు, చుట్టును చిన్న పల్లెలు. కొండాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అను పేర్లు ఆనాడు నగరవాసులలో చాలమందికి తెలియవు. హైటెక్ సిటీ వచ్చిన తరువాత ఆ పేర్లే దేశదేశముల ఉత్తరముల మీదికెక్కినవి. పల్లెలు పోయి అపార్టుమెంట్లు లేచినవి. ఆ మొదటి దశాబ్దములో లేచిన ఇండ్లకు ఇప్పుడు ఇరువది యేండ్లు నిండినవి. వాటిని కొన్నవారు ఉద్యోగవిరమణ చేసినారు. కొందరు బిడ్డల దగ్గరకు పోవుచున్నారు. అందుచేత సైబరాబాదులో నేడు కొత్త ఇండ్లతోబాటు పాత ఇండ్లును చేతులు మారుచున్నవి. అట్టి బేరమొకటి నా కన్నుల ఎదుట జరిగినది. అందులో నా తప్పు కూడ కొంత ఉన్నది గనుక దానిని దాచక చెప్పెదను.

ఆకుపచ్చ బకెట్టు

నా మిత్రుడొకడు జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో ముప్పది సంవత్సరములు గణితము బోధించినాడు. అదే పాఠశాలలో నేను భౌతిక రసాయన శాస్త్రములు చెప్పినాను. 2004లో అతడు భవిష్యనిధి నుండి అప్పు తీసి, భార్య నగలు కుదువపెట్టి, కొండాపూర్‌లో ఒక ఇల్లు కొన్నాడు. ఐదంతస్తుల కట్టడము, అంతస్తుకు నాలుగు చొప్పున ఇరువది ఇండ్లు. అతనిది అన్నిటికంటె పై అంతస్తు. మూడేండ్ల క్రిందట భార్య గతించినది. హనుమకొండలో ఉన్న కుమార్తె “ఒంటరిగా ఎందుకు నాన్నా, వచ్చేయండి” అని పోరుచుండగా, నిరుడు వేసవిలో ఇల్లు అమ్ముటకు నిశ్చయించినాడు.

ఆ ఇంటికి ఒక లోపమున్నది. ప్రతి ఆషాఢమునందును స్నానాల గది కప్పు మూల నుండియు, ముందరి బాల్కనీ కప్పు నుండియు నీరు బొట్టుబొట్టుగా కారును. క్రింద ఒక ఆకుపచ్చ బకెట్టు పెట్టెడివాడు. మేమిద్దరము చదరంగమాడుచుండగా ఆ బొట్ల చప్పుడు వినుచు ఎన్ని సాయంకాలములు గడపితిమో లెక్కలేదు. అమ్మకమునకు పెట్టుటకు ముందు అతడు మేస్త్రీని పిలిపించి, కప్పునకు లప్పము పెట్టించి, రెండు పూతలు తెల్లరంగు వేయించినాడు. బకెట్టు మేడమీదికి పోయినది. నేను చూచినాను; ఏమియు అనలేదు.

కొనుటకు వచ్చినవారు ఒక యువదంపతులు. ఇద్దరును హైటెక్ సిటీ కార్యాలయములలో ఉద్యోగులు. ఏడేండ్ల పాప ఉన్నది. మూడుమార్లు వచ్చి చూచినారు. తూర్పు వాకిలి, గాలి, వెలుతురు వారికి నచ్చినవి. పాత వంటింటి అరమరలు, వెలిసిన రంగు, అరిగిన గచ్చుబిళ్లలు చూచి కూడ ఒప్పుకొన్నారు. ధర 80 లక్షలకు కుదిరినది. 2 లక్షలు సంచకారము ఇచ్చినారు. ఈ నగరమున దానినే బయానా అందురు. అయితే ఆ యువతి అగ్రిమెంటులో ఒక షరతు వ్రాయించినది: పదునైదు దినములలోగా తమ ఖర్చుతో ఒక ఇంజనీరుచేత ఇల్లు పరీక్ష చేయింతురు, పైకి కనిపించని పెద్ద లోపములు బయటపడినచో ధర మరల మాటలాడుకొనవలెను, పొసగనిచో సంచకారము తిరిగి ఇచ్చివేయవలెను.

“పెండ్లిచూపులకు డాక్టరును వెంటబెట్టుకొని వచ్చినట్లున్నదే!” అని నా మిత్రుడు నవ్వినాడు. నవ్వులో కొంచెము బెదురు ఉన్నదని నాకు తోచినది.

ఇంగ్లండులో ఇది కొత్త సంగతి కాదు. అక్కడ ధర నోటిమాటగా కుదిరిన తరువాత, ఒప్పందము కాగితము మీద పడుటకు ముందు, ఇంటిని పరీక్షకునిచేత చూపించుకొనుట అలవాటు. ఆ పరీక్షకుల సంఘము లండనులో 1868లోనే ఏర్పడినది. మన దేశమున ‘సర్వే’ అనగానే గొలుసు పట్టుకొని నేల కొలుచుటయే తోచును. కాగితములను వకీలుచేత చూపింతుము, వాకిలిని వాస్తు సిద్ధాంతిచేత చూపింతుము. కప్పును, స్తంభములను చూపించుకొనువారు ఇంకను తక్కువ.

గులాబి రంగు

ఆదివారము ఉదయము ఇంజనీరు వచ్చినాడు. చిన్న వయసువాడు. మొదట ఒక మామూలు సుత్తితో కప్పును మెల్లగా తట్టుచు పోయినాడు. మంచి కాంక్రీటు మీద టంగుమని పలికిన సుత్తి, స్నానాల గది మూల డొల్లగా పలికినది. కుండ కొనునపుడు మన ఇల్లాండ్రు వేలితో కొట్టి చూచు పరీక్షయే ఇది. తరువాత స్ప్రింగుతో వెనుకకు ఎగురు సుత్తి నొకదానిని స్తంభములకు అదిమి అంకెలు వ్రాసికొన్నాడు. స్విట్జర్లండు ఇంజనీరు ఎర్నెస్ట్ ష్మిట్ గత శతాబ్దపు నడిమిభాగమున కనిపెట్టిన పరికరమది. గట్టి కాంక్రీటుపై సుత్తి ఎక్కువగా ఎగురును, మెత్తని దానిపై తక్కువగా ఎగురును.

పిమ్మట అతడు నా మిత్రుని అనుమతితో కప్పు మూల రెండంగుళముల మేర చెక్కి, సంచిలో నుండి ఒక చిన్న సీసా తీసినాడు. చూడగానే గుర్తుపట్టినాను. ఫినాఫ్తలీన్! ముప్పది యేండ్లు నేను పిల్లలచేత బ్యూరెట్టు పట్టించి బొట్లు లెక్కించిన ద్రవమే. క్షారములో గులాబి రంగు, తటస్థములోను ఆమ్లములోను రంగు లేదు. అది ఒక ఇంటి ఆయుస్సును చెప్పునని నేను పాఠములో ఏనాడును చెప్పియుండలేదు.

సంగతి ఇది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడునపుడు కాల్షియం హైడ్రాక్సైడు పుట్టును. అందుచేత కొత్త కాంక్రీటు బలమైన క్షారము. దాని పీహెచ్ విలువ 12కు పైన ఉండును. ఆ క్షారములో ఇనుపచువ్వల చుట్టు ఒక పలుచని పొర ఏర్పడి త్రుప్పు పట్టకుండ కాచును. కాని గాలిలోని బొగ్గుపులుసు వాయువు సంవత్సరముల తరబడి లోపలికి చొచ్చి ఆ హైడ్రాక్సైడును సున్నపురాయిగా మార్చుచుండును. క్షారత 9కి దిగిపోవును, కాపుదల పొర చెడును. ఆపైన చెమ్మ తగిలినచో ఇనుము త్రుప్పు పట్టును. త్రుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు ఆక్రమించును. లోపలి నుండి అది తోయగా కాంక్రీటు బీటలు వారి పెచ్చులుగా ఊడును. శ్లాబులో చువ్వకు క్రిందుగా కనీసము 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండవలెనని 2000 సంవత్సరపు భారత ప్రమాణము చెప్పుచున్నది. సెంట్రింగు మీద చువ్వలు పరచునపుడు క్రింద బిళ్లలు పెట్టవలెను. కూలివాడు ఆ బిళ్లలు మరచినచో, ఇరువది యేండ్ల తరువాత ఇంకొకరి తలపై పెచ్చు ఊడును.

ఇంజనీరు చెక్కినచోట ద్రవము చల్లినాడు. లోతున గులాబి రంగు విరిసినది. పైపొర మాత్రము తెల్లగానే నిలిచినది. కొలబద్దతో కొలిచినాడు: రంగులేని పొర 18 మిల్లీమీటర్లు, చువ్వ ఉన్నది 12 మిల్లీమీటర్ల లోతున. చువ్వ మీద ఎర్రని త్రుప్పు. లప్పము క్రింద పాత నీటిమరక పటము వలె పరచుకొనియున్నది.

ఆ యువతి మరకను చూచినది, తరువాత నా మిత్రుని చూచినది. “ఇది ఎప్పటి నుంచి ఉంది మాస్టారూ?” అని అడిగినది. అతడు జవాబు చెప్పక కండ్లద్దములు తుడుచుకొన్నాడు.

పది లక్షలు

మూడవనాడు నివేదిక వచ్చినది. కప్పు చెక్కి, చువ్వలు తోమి, రసాయనము పూసి, మరల మూయుటకు 1,40,000 రూపాయలు. స్నానాల గది నేల నుండి క్రింది ఇంటికి చెమ్మ దిగుచున్నది. గొట్టములు మార్చి గచ్చు మరల వేయుటకు 1,60,000. విద్యుత్తు తీగలకు ఎర్తు సరిగా లేదు, 60,000. మేడమీద వాన నీరు ఇంకకుండ పూత వేయుటకు 5 లక్షలు. క్రింద కార్లు నిలుపుచోట రెండు స్తంభములకు నిలువు పగుళ్లు, 1 లక్ష. వంటింటి అరమరలు, రంగులు, గచ్చుబిళ్లలు, 3 లక్షలు. మొత్తము 12,60,000.

దంపతులు ఫోను చేసి ధరలో పది లక్షలు తగ్గింపుమని కోరినారు. నా మిత్రునికి కోపము వచ్చినది. “ఒక్క రూపాయి తగ్గను. ఇష్టముంటే కొనండి, లేకుంటే మానండి” అని ఫోను పెట్టివేసినాడు. అవతల వారు “సంచకారము ఇచ్చివేయండి” అని కబురంపినారు. ఆ సొమ్ము అప్పటికే కుమార్తె ఇంటి పైగది మరమ్మతుకు హనుమకొండ చేరినది.

ఇట్టి బేరములు చెడుట ఇక్కడనే. కొనువాడు నివేదికను కత్తి వలె పట్టుకొనును; అమ్మువాడు దానిని తిట్టు వలె వినును. ఇరువురును కాగితములోని అంకెలను చదువరు.

రోము నగరపు ఇల్లు

ఆ రాత్రి మేమిద్దరము మేడమీద కూర్చున్నాము. ఆ ఆకుపచ్చ బకెట్టు అక్కడనే బోర్లించి ఉన్నది.

“నేనేమైనా అబద్ధమాడితినా?” అన్నాడతడు. “కప్పు కారునా అని వారు అడుగలేదు. నేను చెప్పలేదు. కొనేవాడు చూచుకోవద్దా?”

ఈ వాదము రెండువేల యేండ్లనాటిది. క్రీస్తుకు పూర్వము 44లో రోమనుడైన సిసెరో తన కర్తవ్యవిచార గ్రంథమున సరిగా ఈ ప్రశ్ననే ఎత్తినాడు. ఒక మంచివాడు ఇల్లు అమ్ముచున్నాడు. ఆ ఇంటి కలప పుచ్చినది, గదులలో పాములు తిరుగును. ఈ సంగతి యజమానికి తప్ప ఎవరికిని తెలియదు. చెప్పవలెనా, అక్కరలేదా? డయోజినీస్ అను తత్త్వవేత్త, కొనుమని ఎవరును బలవంతము చేయలేదు గదా అని అమ్మువాని పక్షము వహించినాడు. యాంటిపేటర్ అను మరియొకడు, త్రోవ తప్పినవానికి త్రోవ చూపకపోవుటకంటె ఇది పాడుపని యన్నాడు.

సిసెరో అక్కడ ఒక నిజమైన వ్యాజ్యమును కూడ చెప్పినాడు. క్లాడియస్ సెంతుమాలస్ అనువాని ఇల్లు కేలియన్ కొండపై ఎత్తుగా ఉండి, శకునములు చూచు పురోహితుల చూపునకు అడ్డు వచ్చినది. అడ్డమైన భాగమును పడగొట్టుమని వారు ఆజ్ఞాపించినారు. అతడు ఆ మాట చెప్పక ఇల్లు అమ్మివేసినాడు. కొన్న కాల్పూర్నియస్‌కు అదే ఆజ్ఞ వచ్చినది. అతడు పడగొట్టి, పిమ్మట అసలు సంగతి తెలిసి న్యాయస్థానమునకు పోయినాడు. మార్కస్ కేటో అను న్యాయనిర్ణేత, తెలిసి చెప్పనివాడు నష్టము పూడ్చవలసినదే అని తీర్పు చెప్పినాడు.

మన ధర్మశాస్త్రములును ఈ విషయమున మౌనము వహింపలేదు. యాజ్ఞవల్క్యస్మృతి కొన్న వస్తువును పరీక్షించి చూచుకొనుటకు గడువులు విధించినది: విత్తనములకు పది దినములు, ఇనుమునకు ఒకటి, బరువు మోయు పశువులకు ఐదు, రత్నములకు ఏడు, పాడిపశువులకు మూడు. ఆ పట్టికలో ఇల్లు లేదు. నన్నడిగినచో ఇంటికి ఒక వానకాలము గడువు పెట్టియుందును.

నేడు మన దేశమున అమలులో ఉన్న 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ విభాగము ఈ చిక్కును సూటిగా తేల్చినది. వేరు ఒప్పందము లేనిచో, అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూచినను కనిపెట్టలేని ముఖ్యలోపమును అమ్మువాడు చెప్పి తీరవలెను. చెప్పక విడుచుట మోసముతో సమానమని ఆ విభాగమే అనుచున్నది. అరిగిన గచ్చుబిళ్ల కంటికి కనిపించును, దానిని చెప్పనక్కరలేదు. లప్పము క్రింది మరక కంటికి కనిపించదు. కనిపించకుండ చేసినది మనమే.

ఇదంతయు నా మిత్రునితో చెప్పి, చివరకు ఇట్లన్నాను: “నీవొక్కడవే కాదు. వారు మూడుమార్లు వచ్చినపుడు రెండుమార్లు నేను ఇక్కడనే ఉన్నాను. ఈ బకెట్టు సంగతి నాకును తెలియును. చిన్నపిల్ల ఆ గదిలో స్నానము చేయును గదా, పెచ్చు ఊడితే ఏమగును అని నాకు తోచలేదు. ఇద్దరమును తప్పు చేసినాము.”

చాలసేపు అతడు మాటలాడలేదు. తరువాత మెల్లగా అన్నాడు: “ఆ అమ్మాయి మాస్టారూ అని పిలిచినప్పుడే నాకు చచ్చినంత పనైందోయ్. సరే. రేపు రమ్మను. కాని పది లక్షలు మాత్రము లెక్క కాదు. లెక్క నేను చేసి చూపిస్తాను.”

మూడు నిలువు గీతలు

మరునాటి సాయంకాలము దంపతులు వచ్చినారు. నా మిత్రుడు ముందుగా నిలువబడి చెప్పినాడు: “అమ్మా, కప్పు ఎనిమిదేండ్ల నుండి కారుచున్నది. నాకు తెలుసు. రంగు వేయించి కప్పిపెట్టినాను. అది తప్పు.” ఆమె ఏదో అనబోయి మానివేసినది. భర్త “కూర్చోండి మాస్టారూ” అన్నాడు. గదిలో బిగువు సడలినది.

అప్పుడు అతడు నోటుపుస్తకము తెరచి మూడు నిలువు గడులు గీసినాడు. మొదటి గడిలో ‘లోపల ఉండి కనిపించనివి’, రెండవ దానిలో ‘అందరివి’, మూడవ దానిలో ‘చూచి ఒప్పుకొన్నవి’ అని వ్రాసినాడు. నివేదికలోని ఒక్కొక్క పద్దును తగిన గడిలో వేసినాడు.

కప్పు 1,40,000, స్నానాల గది 1,60,000 మొదటి గడి. ఈ 3 లక్షలును అమ్మువానివే, వాదము లేదు. మేడపై పూత, క్రింది స్తంభములు రెండవ గడి. అవి ఇరువది ఇండ్లకును ఉమ్మడి. 6 లక్షలను ఇరువదితో భాగించినచో ఇంటికి 30,000. “బడి గోడ పడిపోతే ఒక పిల్లవానిచేత కట్టిస్తారా అమ్మా?” అని అతడు అడుగగా ఆమె నవ్వినది. అమ్మకము నాటివరకు ఉమ్మడి బాకీ యజమానిది గనుక ఆ 30,000 అతనిదే. అరమరలు, రంగులు, గచ్చుబిళ్లలు మూడవ గడి. ఆ 3 లక్షల పనిని కంటితో చూచియే 80 లక్షలకు ఒప్పుకొన్నారు. మరల తగ్గింపుమనుట ఒకే వస్తువునకు రెండు మారులు తరుగు తీయుట. విద్యుత్తు పని ఏ గడిలో వేయవలెనో తెలియలేదు; పాత మీటలు కనిపించును, లేని ఎర్తు కనిపించదు. సగము సగము అనుకొన్నారు, 30,000.

మొత్తము అమ్మువాని వంతు 3,60,000. పది లక్షలు కాదు, సున్నయు కాదు.

అంకె తేలినను ఎట్లు ఇచ్చుట అన్నది మిగిలినది. ధరలోనే తగ్గించుట సులభమని నేననుకొన్నాను. యువకుడు తల అడ్డముగా ఊపినాడు. బ్యాంకు వారికి ధరలో నూటికి 80 వంతున అప్పు ఇచ్చుచున్నది. 80 లక్షల ధరకు అప్పు 64 లక్షలు, చేతిసొమ్ము 16 లక్షలు. ధర 76,40,000కు దిగినచో అప్పు 61,12,000కు దిగును; చేతిసొమ్ము 15,28,000. అనగా 3,60,000 తగ్గించినను వారి చేతిలో ఇప్పుడు మిగులునది 72,000 మాత్రమే. మరమ్మతులకు మాత్రము మొత్తము రొక్కముగా కావలెను. తగ్గిన ధర అప్పు కంతులలో ఇరువది యేండ్లకు కలిసివచ్చును. పెచ్చు అంతవరకు ఆగదు. పదవ తరగతి శాతముల పాఠమునకు ఇంతకంటె మంచి లెక్క దొరకదు.

అందుచేత ఇట్లు నిర్ణయించుకొన్నారు. ధరలో విద్యుత్తు పని 30,000 మాత్రము తగ్గును. క్రయపత్రమున 79,70,000 అని నిజమైన అంకెయే వ్రాయబడును. కప్పు పని, స్నానాల గది పని రిజిస్ట్రేషనుకు ముందే అమ్మువాడు చేయించవలెను. కొనువారి ఇంజనీరు వచ్చి చూచి సరే అనవలెను. అతనిచేతిలో రొక్కము లేదు గనుక, దంపతులు తమ 16 లక్షల నుండి 3 లక్షలు ముందుగా బయానాలో చేర్చి ఇచ్చి రసీదు తీసికొందురు. బేరము చెడినచో అదియు తిరిగి ఇయ్యవలెను. మేడమీది పూతకు, స్తంభములకు నివాసుల సంఘము సమావేశమై తీర్మానము చేయవలెను. అన్నిటిని అగ్రిమెంటుకు అనుబంధముగా వ్రాసి అందరును సంతకము చేసినారు. చివరకు నా మిత్రుడు తానుగా ఒక మాట చేర్చినాడు: అమ్మిన సొమ్ములో 50,000 దసరా వరకు నా దగ్గర ఉండవలెను. ఆ వానకాలములో కప్పు మరల కారినచో ఆ సొమ్ము వారిది.

సుత్తికి అందనివి

ఈ కథ విని “ఇంజనీరును పిలిపించిన చాలును గదా” అని ఎవరైన అనుకొందురేమో. సుత్తికి అందనివి కొన్ని ఉన్నవి.

కేలియన్ కొండ మీది ఇల్లు గోడలు చెడి పడలేదు. అధికారి ఆజ్ఞచేత పడినది. సైబరాబాదులోను అట్టిది జరుగకపోలేదు. చెరువుల రక్షణకు 2024 జూలైలో హైడ్రా అను సంస్థ ఏర్పడినది. ఆగస్టులో మాదాపూరు తమ్మిడికుంట చెరువు దగ్గర ఒక పెద్ద సభామందిరము కూల్చివేయబడినది. కప్పు ఎంత గట్టిదైనను, నేల చెరువు నిండుమట్టము లోపల ఉన్నదా, కట్టడమునకు అనుమతి ఉన్నదా అని కాగితములే చెప్పవలెను. చట్టము ‘ముఖ్యలోపము’ అనినపుడు గోడలోని లోపమును, హక్కులోని లోపమును రెంటిని కలిపియే చెప్పినది.

ఇరుగుపొరుగు స్థలమును కూడ చూడవలెను. 2024 నవంబరులో గచ్చిబౌలి దగ్గరి సిద్దిఖ్‌నగర్‌లో ప్రక్క స్థలమున పునాది గుంత త్రవ్వగా, నిలిచియున్న నాలుగంతస్తుల కట్టడము ఒరిగిపోయినది. లోనివారు ప్రాణములతో బయటపడినారు. మరునాడు అధికారులు దానిని పడగొట్టించినారు.

కొత్త ఇల్లు కొనువారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము ఒక అండ ఇచ్చినది. ఇల్లు అప్పగించిన ఐదు సంవత్సరములలోగా కట్టడములో లోపము చూపినచో, కట్టినవాడు ముప్పది దినములలో ఉచితముగా బాగుచేయవలెను. ఇరువది యేండ్ల ఇంటికి ఆ అండ లేదు. అక్కడ మిగిలినవి రెండే: కొనువాని జాగ్రత్త, అమ్మువాని నోటిమాట.

తాళపుచెవులు

జ్యేష్ఠము నడుమ పని ముగిసినది. ఇంజనీరు మరల సుత్తితో తట్టినాడు; మూల టంగుమని పలికినది. సంఘము సమావేశమున ఇద్దరు ముగ్గురు గొణిగినను పూతకు ఒప్పుకొన్నారు. పై అంతస్తులో కారు నీరు నాలుగేండ్లకు తమ స్తంభములలోనికి దిగునని ఇంజనీరు చెప్పిన మాట పనిచేసినది. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున సంతకములైనవి.

తాళపుచెవులు ఇచ్చునపుడు నా మిత్రుడు ఆ యువతి చేతిలో పాత నోటుపుస్తకము కూడ పెట్టినాడు. తెరచి చూచితిమి. ముత్యములవంటి అక్షరములతో, పాఠప్రణాళిక వ్రాసినట్లు, ఇంటి లోపములన్నియు వరుసగా వ్రాసినాడు. వంటింటి కిటికీ వానకు ఉబ్బును, పైకెత్తి లాగవలెను. రెండవ గది పంకా మీట వదులు. దక్షిణపు గోడ మీద మేకు కొట్టరాదు, లోపల నీటి గొట్టమున్నది. పదునేడు పద్దులు. అందులో ఇంజనీరు కనిపెట్టినవి ఆరు మాత్రమే.

“ఇది ముందే ఇచ్చి ఉంటే ఇంజనీరు అక్కరలేకపోను మాస్టారూ” అన్నది ఆమె.

“అక్కరే అమ్మా” అన్నాడతడు. “నాకు తెలియనివి కూడా ఉంటాయి.”

ఆషాఢము వచ్చినది, శ్రావణము పోయినది. నిరుడు దసరానాడు ఆ ఇంటి నుండి ఫోను వచ్చినది. కప్పు పొడిగానే ఉన్నదనియు, నా దగ్గర ఉన్న 50,000 మాస్టారికి పంపవచ్చుననియు చెప్పినారు. మేడమీది ఆకుపచ్చ బకెట్టులో పాప మల్లెమొక్క నాటినదట. అడుగున రంధ్రము చేయవలెనని ఎవరును చెప్పకపోవుటచేత మొదటి మొక్క నీరు నిలిచి కుళ్లిపోయినదట; రెండవది నాటినారు.